పరామర్శలో అన్న మాట

షహ్హాత్ పోయి ఇరవై రెండు రోజులైంది. ఓడలకు తాళ్లు కట్టే పడవ మీద పని చేసేవాడు. కాలువలోకి వెళ్లబోతున్న ఒక ధాన్యం ఓడ వెంట తీసుకెళ్లడానికి తన క్రేన్‌తో వాళ్ల పడవను పైకెత్తుతుంటే, అందులో గెడ పట్టుకుని నిలబడ్డ షహ్హాత్ పడవకూ ఓడ పొట్టకూ మధ్య నలిగిపోయాడు. ఓడ ఆగలేదు. ఓడలు ఆగవు. వెనక ఇంకో ముప్ఫై ఓడలు వరసలో ఉంటాయి.

ఓడ బీమావాళ్ల తరఫున లండన్ నుంచి పెటిఫర్ అనే మనిషి పోర్ట్ సయ్యద్ దిగాడని, పడవ జట్టుకు పెద్ద అయిన రయ్యిస్ అవదల్లాకూ అతనికీ మధ్య మాటలు చేరవెయ్యడానికి రిఫ్అత్‌ను పిలిపించారని, పెటిఫర్ సంచిలోంచి తీసిన రెండు కాగితాల్లో రెండోది చదవగానే రిఫ్అత్ మొహం మాడిపోయిందని గత వారం చూశాం.

ఆ కాగితంలో ఉన్నది ఒకే వాక్యం. పరామర్శ రోజున, నలభై మంది వింటుండగా, రయ్యిస్ అవదల్లా చనిపోయినవాడి భార్య నజాత్‌తో 'ఇది నా ఫాల్ట్' అన్నాడు. కింద తామిర్ సంతకం. తామిర్ ఓడల ఏజెంటు ఆఫీసులో అనువాదకుడు. కాలేజీలో నాలుగేళ్లు ఇంగ్లీషు చదివాడు. ఆ నాలుగేళ్లలో ఒక్క ఇంగ్లీషువాడి చేత కూడా తిట్లు తినలేదు.

రిఫ్అత్ ఐదో తరగతిలో బడి మానేశాడు. పడవేసుకుని ఓడల పక్కకు చేరి, తాడు కట్టిన బుట్టల్లో తోలు సంచులు, ఇత్తడి పళ్లేలు, గడ్డి కూరిన ఒంటె బొమ్మలు పైకి పంపి అమ్మేవాడు. అతని ఇంగ్లీషంతా పైనుంచి కిందికి పడ్డదే. అందులో సగం బూతులు. మిగతా సగం మాత్రం చాలా కచ్చితంగా ఉంటుంది, ఎందుకంటే ఒక్క మాట తప్పితే బుట్ట ఖాళీగా వచ్చేది.

"ఏం రాసుందిరా అందులో?" అన్నాడు అవదల్లా. గోడవారగా ఉన్న కుర్చీ అంచు మీద, ఇప్పుడో ఇంకాసేపటికో లేచి పోయేవాడిలా కూర్చున్నాడు. అరవై మూడేళ్లు. చేతులు తాళ్ల రాపిడికి బెరడు కట్టాయి.

"ముందు నువ్వు చెప్పు రయ్యిస్. పరామర్శ రోజున నజాత్‌తో ఏమన్నావు?"

"ఏమంటారు ఎవరైనా? పందిట్లోంచి లేచి, ఆడవాళ్లున్న గుమ్మం దగ్గరికి పోయి, 'నీ హక్కు నా మీద ఉందమ్మా' అన్నాను. మరేం, శుభాకాంక్షలు చెప్పమంటావా?"

"అంతేనా? ఇంకేమీ అనలేదా?"

"ఏడుస్తున్నానురా. ఇంకేం మాట వస్తుంది?"

రిఫ్అత్ కాగితం బల్ల మీద పెట్టాడు. ఇంత పని ఆ ఒక్క ముక్క చేసిందన్నమాట. బస్సులో ఇద్దరు కలబడితే, మూడోవాడు మధ్యలో దూరి ఇద్దరి నెత్తులూ ముద్దుపెట్టుకుని 'నీ హక్కు నా మీద' అంటాడు. వాడు చేసిన పాపమేమీ ఉండదు. గొడవ చల్లారాలి, అంతే. ఇంట్లో చంటిపిల్ల గడపకు తగిలి పడితే, వంటింట్లో ఉన్న నాయనమ్మ వచ్చి అదే అంటుంది. రోజుకు పదిసార్లు నోట్లోంచి వచ్చే మాట. దాన్ని తామిర్ ఇంగ్లీషులోకి తోసి, ఒక ముసలాడి మెడకు కట్టాడు.

తప్పు రయ్యిస్‌దే అయితే ఓడకు ఏమీ అంటదు. ఓడకు అంటకపోతే నజాత్‌కూ ఇద్దరు పిల్లలకూ ఓడవాళ్ల నుంచి రావలసిన పరిహారం రాదు. మూడు నిమిషాల్లో తేలిపోయే సంగతి. నజాత్ కింద మెట్ల మీద కూర్చుని ఉంది. పైకి రమ్మంటే రానంది.

పెటిఫర్ టీలో చక్కెర వేసుకోలేదు. అవదల్లా అది చూసి జాలిపడ్డాడు.

"మిస్టర్ పెటిఫర్, ఈ వాక్యం తప్పు," అన్నాడు రిఫ్అత్ ఇంగ్లీషులో. "ఆయన అన్నది ఇది కాదు."

"మరి ఏమన్నారు?"

"సారీ అన్నాడు."

"సారీ అంటే ఒప్పుకున్నట్టే కదా?"

"పొద్దున మీరు మెట్లెక్కి వస్తూ కింద కూర్చున్న ఆవిడ దగ్గర ఆగారు. టోపీ తీశారు. 'అయామ్ సో సారీ' అన్నారు. నా చెవులతో విన్నాను. నేను పైకి వచ్చి, ఈమె మొగుణ్ణి చంపింది పెటిఫర్, నలుగురిలో ఒప్పుకున్నాడు అని రాయలేదు."

పెటిఫర్ ఒక్క క్షణం అతని వంక చూశాడు. తర్వాత, తనకు ఇష్టం లేకుండానే, నవ్వాడు.

"సరే. ఇంకా చెప్పండి."

చెప్పాడు. ఇరవై ఏళ్లు తెడ్డేస్తూ పోగేసుకున్నదంతా చెప్పాడు. రిగ్రెట్ అనే మాట కంపెనీ ఉత్తరాల్లో ఉంటుంది, ఆ మాట వచ్చిందంటే అవతలివాడు మనకు ఏమీ చెయ్యడని అర్థం. సారీ అంటే గుండెలో ఉన్నది, చేతికి దానితో సంబంధం ఉండొచ్చు, లేకపోవచ్చు. మిస్టేక్ చెయ్యి చేస్తుంది, దాన్ని ఇంకో చెయ్యి దిద్దుతుంది. రెస్పాన్సిబుల్ అంటే ఆ పడవలో ఏం జరిగినా జవాబు చెప్పాల్సిన మనిషి, అది రయ్యిసే, కాదనడం లేదు. కానీ ఫాల్ట్ వేరు. ఫాల్ట్‌కు పేరుంటుంది. అది ఎవరి పేరు పక్కన రాస్తే వాళ్లతోనే ఉండిపోతుంది.

"ఇవన్నీ ఎక్కడ చదివారు?" అన్నాడు పెటిఫర్. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"చదవలేదు. పందొమ్మిదో ఏట నేర్చుకున్నాను. ఒక ఓడ మెట్ల మీద నా వెనకవాడి పెట్టె జారి కింద ఆఫీసరు కాలు విరిగింది. ఆయన బాధ చూడలేక, మా పద్ధతిలో ఓదారుద్దామని 'మై ఫాల్ట్, కెప్టెన్' అన్నాను. ఆయన మూలుగుతూనే జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. ఓడలెక్కే నా పర్మిట్ రెండేళ్లు పోయింది. పర్మిట్ తిరిగి చేతికొచ్చిన ఏడాదే యుద్ధం వచ్చి కాలువ మూసేశారు."

ఇందులో కోపం ఏమీ లేదు. ఎవరి కథో చెప్పినట్టే చెప్పాడు. ముప్ఫై ఏళ్లకు పైగా అయింది, మాటలు నున్నబడ్డాయి.

"ఏం చెప్తున్నావురా అంతసేపు?" అన్నాడు అవదల్లా. "నా గురించేనా, నీ గురించా?"

"నీ గురించే. కాస్త నన్నూ కలిపాను."

"ఈ బెటిఫర్ నమ్మాడా?" ఆయన అరబ్బీ నోటికి 'ప' పలకదు.

"నమ్మినట్టే ఉన్నాడు."

పెటిఫర్ రెండో కాగితాన్ని పక్కకు జరిపాడు. "మీరు చెప్పింది నాకు సమంజసంగానే ఉంది. అయితే ఇది నా అభిప్రాయంగా ఉంటే చాలదు, కాగితం మీద ఉండాలి. ఆయన ఒక్క వాక్యం చెప్పి సంతకం పెడితే ఈ కాగితం నేను పక్కన పడేస్తాను. జరిగింది నా ఫాల్ట్ కాదు. అంతే."

రిఫ్అత్‌కు ప్రాణం లేచి వచ్చింది. పని అయిపోయిందనుకున్నాడు. అవదల్లా వైపు తిరిగి, "ఒక్క మాట అను రయ్యిస్, ఇంటికి పోదాం. 'తప్పు నాది కాదు' అను," అన్నాడు.

"అనను."

"ఏంటి?"

"అనను. చెవుడా?"

"ఎందుకనవు?"

"నలభై మందిలో ఆ పిల్ల గుమ్మం ముందు నిలబడి, నీ హక్కు నా మీద ఉందన్నాను. ఇవాళ ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని, ఎవడో దొర టీ తాగుతుంటే, నా మీద ఏమీ లేదు, నాకేం సంబంధం అంటానా? ఇచ్చిన మాట లాక్కోవడం కాదూ అది?"

"లాక్కోకపోతే ఆమెకు ఏమీ రాదు! ఎవరి కోసం అన్నావో ఆమె నోట్లోనే మట్టి కొడుతున్నావు."

"మాటలు తెలిసినవాడివి నువ్వే కదా. లాక్కోకుండా ఉండాలి, ఆమెకు రావలసింది రావాలి. అలాంటి మాట ఒకటి వెతుకు."

"లేదు."

"ఇంత భాష, ఇన్ని ఓడలు, అదొక్కటి లేదా? మరి ఏం కొనుక్కొచ్చావురా నువ్వు వాళ్ల దగ్గర?"

"రయ్యిస్, నీ మొండితనం పడవ దగ్గర చూపించు. ఇక్కడ కాదు."

"పడవ ఎక్కడుందిరా చూపించడానికి?" అన్నాడు అవదల్లా. నేల చూపులు చూశాడు.

పెటిఫర్ ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. ఈ ఊరివాళ్లు వాతావరణం గురించి మాట్లాడుకున్నా తగాదాలాగే ఉంటుందని అతనికి ఎవరో చెప్పి ఉంటారు, ఓపిగ్గా ఉన్నాడు.

రిఫ్అత్ ఆలోచించాడు. పద్ధతి ప్రకారం దీనికి దారి ఉంది. 'నీ హక్కు నా మీద' అన్నవాడికి, అవతలివాళ్లు జవాబు చెప్తారు. 'అదేం మాట, నీ మీద ఏమీ లేదు' అంటారు. ఆ జవాబుతో అన్నవాడి భుజం మీది బరువు దిగిపోతుంది. అప్పుడిక నా తప్పు కాదు అన్నా ఎవరూ వేలెత్తి చూపరు.

"నువ్వలా అన్నప్పుడు నజాత్ ఏమంది?"

అవదల్లా తన చేతులు చూసుకున్నాడు.

"రయ్యిస్. ఏమంది?"

"ఏమీ అనలేదు."

పోర్ట్ సయ్యద్‌లో ఆ మాటకు జవాబు రాకపోవడం రిఫ్అత్ ఎప్పుడూ వినలేదు. పదేళ్లు మాటల్లేని అన్నదమ్ములు కూడా అంటారు. పళ్లు కొరుకుతూనైనా అంటారు. దుఃఖంలో తోచలేదేమో అని సర్దుకున్నాడు. మొగుడు పోయిన మనిషి, ఏ మాట ఎవరికి చెప్పాలో ఎక్కడ తెలుస్తుంది. ఇప్పుడు చెప్తుంది.

మెట్ల దగ్గరికి పోయి పిలిచాడు. రెండోసారి పిలిస్తే వచ్చింది.

నజాత్‌కు ముప్ఫై దాటి రెండు మూడేళ్లు ఉంటాయి. మెడ దాకా నల్లబట్టలు. గదిలోకి వచ్చి ఎవరి వైపూ చూడకుండా తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. పెటిఫర్ లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. అవదల్లా ఆమెను చూసి కిటికీ వైపు తిరిగాడు.

"చూడమ్మా," అన్నాడు రిఫ్అత్. "ఆ రోజు రయ్యిస్ నీ గుమ్మం ముందు ఒక మాట అన్నాడు. దాన్ని పట్టుకుని తప్పంతా ఈయనదేనని రాశారు. అలా రాసినంత కాలం నీకు ఏమీ రాదు. ఈయన నా తప్పు కాదని చెప్తే సరిపోతుంది, కానీ నువ్వు జవాబు చెప్పందే ఈయన అనడు. అందరూ అనే ముక్కే. 'నీ మీద ఏమీ లేదు బాబాయ్' అను. నేను రాయిస్తాను. అందరం ఇళ్లకు పోతాం."

"అనలేను, అన్నా."

"నీ కోసమే అమ్మా."

"తెలుసు. అనలేను."

"ఎందుకనలేవు? వట్టి ఓదార్పు మాటకు…"

"అది ఓదార్పు మాట కాదు." ఆమె మొదటిసారి తలెత్తింది. "అందరూ అనే మాటే, నిజమే. కానీ ఆయన అందరిలా అనలేదు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆ పొద్దున సైగ చెయ్యడానికి బాబాయ్ ఓడ మీద లేడు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో గాసు సిలిండరును వాయించుకుంటూ పోతున్నాడు.

"లేడా?" అన్నాడు రిఫ్అత్.

"ఇంట్లో ఉన్నాడు. ఓడెక్కేవాళ్ల జాబితా ముందురోజే ఇచ్చేశారు, అందులో పేరుంది. మనిషి వెళ్లలేదు. షహ్హాతూ మిగతా ఇద్దరూ వెళ్లారు. వాళ్లిద్దరూ ఈయన మీద గౌరవంతో నోరు మూసుకున్నారు."

అవదల్లా కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరగలేదు. కాదని కూడా అనలేదు.

రిఫ్అత్‌కు నవ్వు రాబోయింది. రాలేదు. పొద్దున్నుంచి తను ఒక్కో మాటా తూచి, వేరు చేసి, ఇది సారీ, ఇది ఫాల్ట్ అని దొర ముందు పరిచాడు. తామిర్‌గాడు అర్థం తెలియకుండా రాసిన మాటే సరైన మాట. తను ముప్ఫై ఏళ్ల నాటి అనుభవాన్ని పట్టుకొచ్చి సరిగ్గా అవతలి మాట కోసం పోట్లాడాడు. మాటల మధ్య తేడాలు తెలుసు, మనిషి ఏ తేడా దగ్గర నిలబడ్డాడో తెలియలేదు.

"ఏమంటున్నారు ఆవిడ?" అన్నాడు పెటిఫర్.

"మిగతా ఇద్దరూ ఇది చెప్తారా?" అని రిఫ్అత్ నజాత్‌ను అడిగాడు, దొరకు జవాబు చెప్పకుండా.

"రిఫ్అత్ గారూ, మీరు ఆవిడను అడిగింది కాదు, ఆవిడ చెప్పింది నాకు కావాలి."

ఆ మాటలో కోపం లేదు. పని గుర్తు చేశాడు, అంతే. రిఫ్అత్ ఒకసారి అవదల్లా వీపు వంక చూశాడు. గళ్ల చొక్కా, మధ్యలో చెమట మరక. ఒక మనిషి నలభై ఏళ్ల పని మొత్తం ఆ వీపే. చెప్పకపోతే దొర దగ్గరున్న మొదటి కాగితం నిలుస్తుంది, నజాత్‌కు రాదు. చెప్తే ఈయనకు మిగలదు. కూలి తీసుకున్నది మాట చేరవెయ్యడానికి, న్యాయం చెప్పడానికి కాదు. అతను ఇంగ్లీషులో, ఆమె ఏ వరసలో చెప్పిందో అదే వరసలో, ఒక్క ముక్క కలపకుండా చెప్పాడు.

పెటిఫర్ కలం కింద పెట్టాడు. తర్వాత మొదటి కాగితం తీసి మళ్లీ చదువుకున్నాడు. అది ఓడ మేట్, అంటే కెప్టెన్ తర్వాతి ఆఫీసరు, ఇచ్చిన వాంగ్మూలం. పడవవాళ్ల పెద్ద అవదల్లా ఓడ కమ్మీ దగ్గర నిలబడి, ఎత్తమని చేత్తో సైగ చేశాడని, ఆ సైగ చూశాకే క్రేను కదిలిందని అందులో ఉంది.

"చూశానని రాశాడు," అన్నాడు పెటిఫర్ తనలో తను అనుకున్నట్టు.

"రాశాడు."

"లేని మనిషిని."

"జాబితాలో పేరు చూసి ఉంటాడు."

సైగ లేకుండా పడవను ఎత్తకూడదు. అది ఓడ మీద ఉన్న ప్రతివాడికీ తెలుసు. సైగ చేసేవాడే లేనప్పుడు క్రేను కదిలిందంటే, కదిపినవాడు కిందికి చూడలేదు. పెటిఫర్‌కు ఇది చెప్పాల్సిన పని లేదు. అతని మొహంలో కనిపిస్తూనే ఉంది. తను ఎవరి తరఫున వచ్చాడో వాళ్ల కాగితం తన చేతిలోనే పనికిరాకుండా పోయింది.

"నేను అవతలి పక్షం మనిషిని. నేను చెప్పకపోయినా ఎవరూ అడగరు," అన్నాడు నెమ్మదిగా. "కానీ సంతకానికి ముందు ఆయనకు ఒకటి చెప్పండి. ఇది రాసిస్తే ఓడ తప్పించుకోలేదు. ఆయన కూడా తప్పించుకోలేడు. జాబితాలో పేరిచ్చి ఎక్కలేదు కాబట్టి రేవు ఆఫీసు లైసెన్సు తీసేస్తుంది. పోలీసులు పిలవొచ్చు. అన్నీ తెలిశాకే సంతకం పెట్టాలి."

రిఫ్అత్ చెప్పాడు. ఇంగ్లీషువాడి నోటి నుంచి వచ్చిన మాటను చిన్నచూపు లేకుండా చేరవెయ్యడం అతనికి ఇదే మొదలు.

అవదల్లా ఇటు తిరిగాడు. వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"పొద్దున నువ్వు ఏవేవో మాటలు చెప్పావే, అన్నీ వేరు వేరని. ఇప్పుడు నాకు ఏది వర్తిస్తుందిరా?"

"ఫాల్ట్."

"అది కాదన్నావుగా పొద్దున?"

"పొద్దున నాకు తెలీదు రయ్యిస్."

"నేను చెప్పాను కదరా, లాక్కోనని." అవదల్లా జేబులోంచి కళ్లజోడు తీసి, ఒక కాడ లేని ఆ జోడును చెవికి దారంతో తగిలించుకున్నాడు. "రాయమను. నేను లేను, సైగ చెయ్యలేదు, ఫాల్ట్. ఎక్కడ పెట్టమంటాడు సంతకం?"

పెటిఫర్ కొత్త కాగితం తీశాడు. ఒక్కో వాక్యం రాస్తూ చదివాడు, రిఫ్అత్ ఒక్కో వాక్యం అరబ్బీలో చెప్పాడు, అవదల్లా ఒక్కోదానికీ తలూపాడు. నాలుగు వాక్యాలు. ఐదోది లేదు. పెటిఫర్ కాగితం తిప్పి ఆయన ముందుకు జరిపి, కలం అందించాడు.

అప్పుడు నజాత్ లేచి వచ్చి, కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"ఆయన ఎందుకు పోలేదో రాయరా?"

"నజాత్," అన్నాడు అవదల్లా. ఇంతసేపట్లో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. "నువ్వు కిందికి పో."

"మూడు వారాలు ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు."

"పొమ్మన్నానా!"

ఆమె చెయ్యి తియ్యలేదు. సిరా ఇంకా ఆరలేదు, వేళ్లకు అంటుకుంది. ముసలాయన వైపు కాక, దొర వైపు కాక, రిఫ్అత్ వైపు చూసింది.

"ఆ గుమ్మం దగ్గర నేను జవాబు చెప్పనిది ఆయన మీద కోపంతో కాదు, అన్నా. ఏ మొహంతో చెప్పను? ఆ పొద్దున ఆయన్ను పడవెక్కకుండా ఆపింది నేను. షహ్హాత్‌కు తెలియకుండా."